మంటకు ఎదురెళ్లే మనిషికి భరోసా ఏదీ?

2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పడానికి వెళ్లిన అటవీ బృందాన్ని కార్చిచ్చు చుట్టేసింది. నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. వారిలో బీట్ అధికారితో పాటు ఒక ఫైర్ వాచర్, ఒక దినకూలీ ఉన్నారు. 2020 ఫిబ్రవరిలో కేరళలోని త్రిస్సూర్ జిల్లాలో ముగ్గురు వాచర్లు ఇలాగే ఆహుతయ్యారు. అంతకు మూడేళ్ల ముందు బందీపూర్‌లో ఒక ఫారెస్ట్ గార్డు. ప్రతిసారీ సంతాప ప్రకటన, ఎక్స్‌గ్రేషియా. మళ్లీ వేసవి వచ్చేసరికి వాచర్ల కాళ్లకు అవే చెప్పులు, చేతుల్లో అవే పచ్చికొమ్మలు.

కార్చిచ్చును కనిపెట్టడంలో మనం వెనకబడి లేము. ఉపగ్రహం మంటను పసిగట్టగానే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి సిబ్బంది ఫోన్లకు సందేశం వస్తుంది. అయితే ఉపగ్రహంలోని సెన్సర్ ఒక్కో చుక్కలో చూసేది దాదాపు 375 మీటర్ల మేర స్థలాన్ని. అక్కడికి ఏ వాగు దాటి వెళ్లాలో, మధ్యాహ్నం గాలి ఎటు తిరుగుతుందో, మంట ఎగబాకితే ఏ బండల మీదికి తప్పుకోవాలో అది చెప్పదు. నల్లమలలో ఆ తెలివిడి చెంచులది, అడవి అంచు గూడేల నుంచి వచ్చిన వాచర్లది. కోట్ల ఖర్చుతో ఆకాశం నుంచి వచ్చిన సమాచారం చివరికి పనికొచ్చేది వాళ్ల వల్లే.

పని ఎలాంటిదో చూడండి. ఎండుటాకుల మీద పాకే మంటను కొమ్మలతో బాదాలి, బ్లోయర్ ఉంటే ఆకును వెనక్కి ఊదాలి. కొన్నిచోట్ల ఎదురుమంట పెట్టాలి. అది లెక్క తప్పితే పెట్టినవాళ్లనే కాల్చేస్తుంది. మంట చల్లారినట్టే కనిపిస్తుంది గానీ, పడిపోయిన మాను లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. దగ్గర్లో నీళ్లుండవు. మట్టి ఎత్తిపోస్తూ రాత్రంతా కాపలా కాయాలి. ఆ పొగంతా ఊపిరితిత్తుల్లోకే. మంటలార్పే వృత్తి క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో తేల్చింది. ముఖానికి తువ్వాలు చుట్టుకుని అడవిలోకి దిగే మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

ఇంత చేసే మనిషిని ప్రభుత్వం సీజన్ కూలీగానే చూస్తోంది. వేతనం జీతాల పద్దులోంచి కాక పథకాల నిధుల్లోంచి వస్తుంది. అందుకే విడుదల ఆలస్యమైతే మొదట ఆగేది వాచర్ కూలీయే. కేంద్రం, తెలుగు రాష్ట్రాలు 60:40 చొప్పున భరించే కార్చిచ్చుల నివారణ పథకం ఉన్నా, అతనికి నెలనెలా భరోసా లేదు. అటవీ సిబ్బంది పనికి పాలకులు ఇచ్చే విలువ 2024 మేలో బయటపడింది. ఉత్తరాఖండ్ అడవులు తగలబడుతుంటే వాళ్లను ఎన్నికల విధులకు ఎందుకు పంపారని సుప్రీంకోర్టే అడగాల్సి వచ్చింది.

అమెరికాలోనూ మంటలార్పేవాళ్ల జీతాల కోసం పోరాటం ఏళ్ల తరబడి సాగింది. తక్కువ జీతాలు భరించలేక ఆరితేరిన అటవీ ఫైర్‌ఫైటర్లు ఉద్యోగాలు వదిలేసి పోతుంటే, 2021లో అక్కడి కాంగ్రెస్ తాత్కాలికంగా అదనపు చెల్లింపుకు ఒప్పుకుంది. మూల వేతనంలో సగం లేదా ఏడాదికి 20 వేల డాలర్లు, రెండింటిలో ఏది తక్కువైతే అది. ఆ పెంపుదల స్థానంలో శాశ్వత వేతన విధానం వచ్చింది 2025లోనే. అనుభవజ్ఞులు వెళ్లిపోయాక కొత్తవాళ్లను తెచ్చుకోవడం కష్టమని వాళ్లకు అర్థమయ్యాకే అది సాధ్యమైంది. గూడెం యువకులు పట్నం కూలికి పోతే మనకు ఎదురయ్యేదీ అదే నష్టం.

నాలుగు నెలల మంటలకు పన్నెండు నెలల జీతమా అని ఆర్థిక శాఖ అడగొచ్చు. కానీ వేసవిలో మంట ఎంత దూరం పాకుతుందో తేలేది డిసెంబరు, జనవరిల్లో మంటను ఆపే ఖాళీ పట్టీలు, అంటే ఫైర్ లైన్లు, ఎంత శుభ్రంగా తీశారన్న దాన్నిబట్టే. ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు చిగుళ్ల కోసం నిప్పు పెట్టేవాళ్లతో ముందే మాట్లాడి ఒప్పించేదీ వాచర్లే. వానల్లో గస్తీ, వేసవిలో జంతువుల నీటి గుంటలు నింపడం సరేసరి. పని ఏడాది పొడవునా ఉంది, లేనిది జీతమే.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాలూ వచ్చే ఫైర్ లైన్ పనులు మొదలయ్యేలోగా వాచర్ల పేర్లతో జాబితా ప్రకటించాలి. రాష్ట్ర బడ్జెట్‌లోంచే ఏడాదంతా నెల జీతం, పీఎఫ్, ప్రమాద బీమా ఇవ్వాలి. బూట్లు, మంటకు తట్టుకునే దుస్తులు, మాస్కులు, వైర్‌లెస్ సెట్లు ఫిబ్రవరికి ముందే బేస్ క్యాంపులకు చేరాలి. ఏటా ఊపిరితిత్తుల పరీక్ష చేయించాలి. అనుభవమున్న వాచర్లకు బీట్ ఆఫీసర్ పోస్టుల్లో కొంత వాటా కేటాయించాలి.