బిర్యానీ పక్కన సీసా
బిర్యానీ తిన్నాక కూల్‌డ్రింక్ తాగితే అరుగుతుందని మనవాళ్లకో గట్టి నమ్మకం. వచ్చేది త్రేన్పే, అది సీసాలోని గ్యాసు బయటికి రావడం, తిన్నది అరగడం కాదు. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఏడెనిమిది చిన్న చెంచాలు. కాఫీలో ఎవరైనా అంత వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపుతాం. పైగా తాగిన చక్కెర కడుపు నింపదు, తర్వాతి పూట ఒక్క ముద్దా తగ్గదు. నడుం మాత్రం పెరుగుతుంది. చక్కెర రోజుకి 25 గ్రాములలోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఒక్క సీసాతో ఆ లెక్క దాటిపోయింది, పొద్దుటి టీ సంగతి ఇంకా ఎత్తనేలేదు. నా మటుకు నాకు బండి మీది గోళీసోడానే ముద్దు. నిమ్మకాయ పిండి ఉప్పేసి ఇమ్మని, చక్కెర వద్దంటే బండాయన వింతగా చూస్తాడు. చూడనీ.