మా అమ్మాయి అడిగిన మౌస్



పోయిన శీతాకాలంలో మా రెండో అమ్మాయి నన్నొక వస్తువు అడిగింది. "అబ్బా, నాకొక గేమింగ్ మౌస్ కావాలి. తీగ లేనిది, అదనపు బటన్లు ఉన్నది" అంది. ఆ సమయంలో ఇంట్లో అతిథులున్నారు. ఎందుకని నేను అడగలేదు. "మన ఇంట్లో ఆట సామానుకు డబ్బు లేదు" అన్నాను. అమ్మాయి తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పదిహేను రోజుల తర్వాత ఒక ఉదయం ఆమె చాయ్ కప్పును ఎడమ చేత్తో అందుకోవడం చూశాను. ఇదేం అలవాటని మందలించబోతుండగా వాళ్ళ అమ్మీ అడ్డుపడింది. నెల రోజులుగా అమ్మాయికి కుడి మణికట్టు నొప్పిగా ఉందట. బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయట. రాత్రిళ్ళు నిద్ర కూడా సరిగా పట్టడం లేదట. ఒకే కప్పు కింద జీవిస్తూ ఇవేవీ నాకు తెలియలేదు.

మా అమ్మాయి మేడ్చల్‌లోని మా ఇంట్లోనే కూర్చుని తెలుగు, ఉర్దూ పుస్తకాలకు పేజీలు కూరుస్తుంది. పేజీకి ఇంత అని ప్రతిఫలం. నకలు తీయడం, అతికించడం, చేసిన మార్పును వెనక్కి తీసుకోవడం, చెరపడం, పేజీ తిప్పడం అనే నాలుగైదు పనులనే రోజుకు వందల సార్లు చేయాలి. చెరిపే కీ, పేజీ మార్చే కీలు కీబోర్డుకు కుడివైపున ఉంటాయి. ప్రతిసారీ మౌస్ వదిలి వాటిని నొక్కి, తిరిగి మౌస్ అందుకోవాలి. లేదా బాణం గుర్తును తెర పైభాగంలోని మెనూ దాకా లాక్కెళ్ళాలి. ఈ పనులను మౌస్ మీది అదనపు బటన్లకే అప్పగించవచ్చని ఆమెకు తెలిసింది. అలాంటి మౌసులను బజారులో ఎక్కువగా 'గేమింగ్' అనే పేరుతో అమ్ముతారు. ఆమె చేసిన పొరపాటల్లా ఆ పేరును ఉన్నదున్నట్టు నాకు చెప్పడమే.

సంకల్పాన్ని బట్టే ఆచరణకు విలువ అని ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. నా ఇంట్లో మాత్రం సాక్ష్యం వినకుండానే తీర్పు చెప్పిన ఖాజీనయ్యాను.

ముందుగా అమ్మాయిని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాం. మణికట్టు వద్ద నరం ఒత్తిడికి గురవుతోందని ఆయన చెప్పారు. రాత్రిపూట కట్టుకోవడానికి పట్టీ ఇచ్చారు. ప్రతి అరగంటకు చేతికి విరామం ఇవ్వాలని, బొటనవేలిని ముఖ్యంగా శ్రమ పెట్టవద్దని హెచ్చరించారు. పాఠకులు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఎంత మంచి మౌస్ అయినా మందు కాదు. తిమ్మిరి వారాల తరబడి తగ్గకపోతే దుకాణానికి కాదు, వైద్యుని వద్దకు వెళ్ళాలి.

ఆ తర్వాత నా పాత విద్యార్థి ఒకరిని సంప్రదించాను. నేను బోధించే మదరసా షామీర్‌పేటలో ఉంది. అక్కడే రాజీవ్ రహదారి పక్కన అతను కంప్యూటర్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నాడు. బిట్స్ పిలానీ ప్రాంగణం నుంచి, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే విద్యార్థులతో అతనికి నిత్యం పని. "హజ్రత్, గేమింగ్ అన్న మాటను పక్కన పెట్టండి. చెయ్యి ఎవరిది, పని ఏది అన్న రెండూ చెప్పండి చాలు" అన్నాడు. ఆ రోజు అతను గురువు, నేను శిష్యుణ్ణి.

అసలు మౌస్ పుట్టిందే పని కోసం. అమెరికాలో డగ్లస్ ఎంగెల్బార్ట్ ఆలోచనకు ఆయన సహచరుడు బిల్ ఇంగ్లీష్ 1964లో రూపమిచ్చాడు. అది కొయ్యతో చేసిన చిన్న పెట్టె, దానికి ఒకే ఒక్క బటన్. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంగెల్బార్ట్ దాన్ని బహిరంగంగా ప్రదర్శించి చూపింది ఆట కాదు. తెర మీద అక్షరాలను దిద్దడం, జాబితాలను సర్దడం చూపాడు. మా అమ్మాయి చేసే పని సరిగ్గా అదే.

ఇక మౌస్ ఎంపికలో మేము తెలుసుకున్న సంగతులను చెబుతాను. ఇంటి అవసరానికి కొనేవారికి ఇవి ఉపయోగపడవచ్చు.

మొదటిది బటన్ల సంఖ్య. ఎక్కువ బటన్లుంటే ఎక్కువ మేలని మేమూ అనుకున్నాం. రేజర్ సంస్థ 'నాగా' మౌసులలో బొటనవేలి కింద పన్నెండు బటన్లున్నవి ప్రసిద్ధం. అనేక ఆజ్ఞలతో ఆడే పెద్ద ఆటల కోసం వాటిని రూపొందించారు. ఆ సంగతి వినగానే నా విద్యార్థి తల అడ్డంగా ఊపాడు. "అమ్మాయికి తిమ్మిరి ఉన్నదే బొటనవేలికి. పన్నెండు పనులు దాని నెత్తిన పెడితే నొప్పిని డబ్బిచ్చి కొనుక్కున్నట్టే" అన్నాడు. రోజూ పదే పదే చేసే పనులు ఎన్నో కాగితం మీద రాసుకుని, అన్ని బటన్లున్న మౌస్ చూసుకొమ్మన్నాడు. అమ్మాయి రాసుకున్న జాబితాలో నాలుగే తేలాయి.

రెండవది ఆకారం. అరచెయ్యి మొత్తం ఆనించి పట్టేవారికి వీపు ఎత్తుగా ఉన్న పెద్ద మౌస్ నప్పుతుంది. వేలికొసలతో కదిపేవారికి చిన్నది, తేలికైనది నప్పుతుంది. మా అమ్మాయి అంతవరకూ వాడినది పలకలాంటి చిన్న మౌస్. దాన్ని పట్టుకోవడానికి వేళ్ళను బిగించవలసి వచ్చేది. ఎడమచేతి వాటం ఉన్న పిల్లలు ఉన్న ఇళ్ళవారు మరింత జాగ్రత్త వహించాలి. పక్క బటన్లు చాలా వాటిలో ఎడమవైపునే, అంటే కుడిచేతి బొటనవేలికి అందేలా ఉంటాయి. ఎడమచేతి వారి కోసం ప్రత్యేకంగా చేసినవి తక్కువే గాని లేకపోలేదు. రేజర్ సంస్థ 2020లో నాగాను ఎడమచేతి వారికి కూడా విడుదల చేసింది.

మూడవది తీగ సంగతి. మా అమ్మాయి నేల మీద కూర్చుని పొట్టి బల్లపై పని చేస్తుంది. తీగ బల్ల అంచుకు తట్టుకుని చేతిని వెనక్కి లాగేది. అందువల్ల ఆమెకు తీగ లేనిదే మేలు. విశాలమైన బల్ల మీద పని చేసేవారు మాత్రం తీగ ఉన్నదే కొనుక్కుంటే డబ్బు ఆదా అవుతుంది, బ్యాటరీ చింతా ఉండదు. తీగ లేనివాటిలోనూ రెండు రకాలున్నాయి. కొన్ని బ్లూటూత్ ద్వారా పనిచేస్తాయి. కొన్నింటికి యూఎస్‌బీ రంధ్రంలో పెట్టే చిన్న రిసీవర్ ఉంటుంది. రిసీవర్ ఉన్న గేమింగ్ మౌసులు సాధారణంగా సెకనుకు వెయ్యిసార్లు తమ స్థానాన్ని కంప్యూటరుకు తెలియజేస్తాయి. పేజీల పనికి అంత వేగం అక్కర్లేదు, కాని కదలికలో తడబాటు ఉండదు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. ఈ రిసీవర్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై నడుస్తాయి. యూఎస్‌బీ 3.0 పరికరాలు, ముఖ్యంగా బయట తగిలించే హార్డ్ డిస్కులు, అదే పౌనఃపున్యంలో రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లోనే వివరించింది. హార్డ్ డిస్కు పక్కనే రిసీవరును పెట్టి, బాణం గుర్తు ఆగిపోతుంటే మౌస్ పాడైందని పారేయకండి. చిన్న పొడిగింపు తీగ వేసి రిసీవరును మౌస్ దగ్గరికి తెస్తే చాలా సందర్భాల్లో సమస్య తీరుతుంది.

నాలుగవది అట్టపెట్టె మీది అంకెలు. డీపీఐ 12,000 అనీ, 25,000 అనీ పెద్ద అక్షరాలతో ముద్రిస్తారు. మౌస్‌ను ఒక అంగుళం కదిపితే తెర మీద బాణం ఎన్ని చుక్కలు కదులుతుందో చెప్పే లెక్క అది. మన ఇళ్ళలోని సాధారణ తెర వెడల్పు 1,920 చుక్కలు. 12,000 పెట్టుకుంటే అంగుళం కదలికకే బాణం తెర వెడల్పుకు ఆరు రెట్లు పరిగెడుతుంది! పేజీల పనికి 800 నుంచి 1,600 చాలు. వాడని అంకెకు చెల్లించే డబ్బు దుబారా కాక మరేమిటి? రంగురంగుల దీపాల సంగతీ అంతే. పైగా అవి బ్యాటరీని తినేస్తాయి.

ఈ జాబితా పట్టుకుని నేను, అమ్మాయి మేడ్చల్ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళాం. అక్కడ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ సామగ్రికి పేరుపడ్డ చోటు. ఒక దుకాణదారు మా మాట వినకుండానే దీపాలు వెలిగే పన్నెండు బటన్ల మౌస్ తీసి నా ముందు పెట్టాడు. "మౌల్వీ సాబ్, అందరూ ఇదే తీసుకెళ్తున్నారు" అన్నాడు. అమ్మాయి దాన్ని ఒకసారి పట్టుకుని చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చేసింది. నాలుగో దుకాణంలో నమూనాలను చేతికిచ్చి తీరిగ్గా చూడనిచ్చారు. పావుగంట సేపు ఒక్కొక్కటీ పట్టుకుని చూసి, చివరికి లాజిటెక్ జీ304 ఎంచుకుంది. దానికి ఆరు బటన్లు. ఆరింటికీ వేరే పనులు అప్పగించుకోవచ్చు. బ్యాటరీతో కలిపి బరువు 99 గ్రాములు. ఒక్క పెన్సిల్ బ్యాటరీతో 250 గంటల దాకా నడుస్తుందని సంస్థ చెబుతోంది. సీలు సరిచూసి, క్రమసంఖ్యతో బిల్లు రాయించుకుని తెచ్చుకున్నాం. అందరికీ ఇదే తగినదని నా ఉద్దేశం కాదు. ఆ చేతికి, ఆ పనికి అది కుదిరింది.

ఇంటికొచ్చాక కుడి, ఎడమ బటన్లను అలాగే ఉంచి, చక్రం వెనకాల చూపుడువేలికి అందే బటన్‌కు వెనక్కి తీసుకోవడం అప్పగించింది. పక్కనున్న రెండింటికి అతికించడం, చెరపడం ఇచ్చింది. చక్రాన్ని నొక్కడానికి కాస్త బలం కావాలి గనుక, అరుదుగా చేసే పేజీ మార్పును దానికి వదిలింది. ఈ అమరికను మౌస్ తనలోనే దాచుకోగలదు కాబట్టి వేరే కంప్యూటరుకు తగిలించినా మళ్ళీ మొదటి నుంచి అమర్చుకోనక్కర్లేదు.

తల్లిదండ్రులు ఆలోచించవలసిన అసలు విషయం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఈ బటన్లకు ఒక్క ఆజ్ఞనే కాదు, వరుసగా అనేక ఆజ్ఞలను కూడా అప్పగించవచ్చు. దాన్ని మాక్రో అంటారు. ఒక్కసారి నొక్కితే పదిసార్లు నొక్కినట్టు పనిచేస్తుంది. మా చిన్నవాడు అది వినగానే "అక్కా, నా ఆటలో తుపాకీకి పెట్టి ఇవ్వవా?" అని అడిగాడు. నేనీసారి తొందరపడలేదు. కూర్చోబెట్టి వివరంగా అడిగాను. ఎదుటివాడు తన వేలితో ఎన్నిసార్లు నొక్కగలడో అన్నిసార్లే నొక్కుతాడు. మనవాడి తరఫున యంత్రం నొక్కుతుంది. ఆ సంగతి ఎదుటివాడికి తెలియదు. అప్పుడు గెలుపు ఎవరిది? వాడు కొంచెంసేపు ఆలోచించి "యంత్రానిది" అన్నాడు. ఆట సంస్థలు కూడా ఈ నిర్ణయానికే వస్తున్నాయి. కౌంటర్-స్ట్రైక్ ఆట నిర్మించిన వాల్వ్ సంస్థ 2024 ఆగస్టులో, ఒక్క నొక్కుతో అనేక కదలికలు జరిపే అమరికలను తన అధికారిక సర్వర్లలో నిషేధించింది. డబ్బు పందెంతో ఆడే ఆటల మాట ఇక చెప్పనవసరం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే వాటిపై చట్టాన్ని కఠినం చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టాన్ని ఆమోదించింది.

ఆటలోని మోసం కంటే పనిలోని మోసం మరింత దగ్గరగా పొంచి ఉంది. ఇంటి నుంచి ఉద్యోగం చేసే యువతీయువకులు నేడు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. మనిషి లేకున్నా మౌస్ కదులుతున్నట్టు, కీలు నొక్కుతున్నట్టు చూపించే మాక్రోలు ఉన్నాయి. 2024లో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు ఇలా పనిచేస్తున్నట్టు భ్రమ కల్పించారని డజనుకు పైగా ఉద్యోగులను తొలగించింది. పుచ్చుకునే జీతానికి మన సమయం అమానతు. చెరిపే పనిని తేలిక చేసే బటన్, లేని పనిని చూపించే బటన్ ఒక్కటే. తేడా దాన్ని అమర్చే మనసులో ఉంది. కాబట్టి "గేమింగ్ మౌస్ కొనవచ్చా?" అని అడిగే తల్లిదండ్రులకు నేను తిరిగి వేసే ప్రశ్న ఒక్కటే: ఏ బటన్‌కు ఏ పని అప్పగిస్తారు? పిల్లలు దాపరికం లేకుండా చెప్పగలిగితే కొనివ్వండి.

మా అమ్మాయి నొప్పి పూర్తిగా పోలేదు. పట్టీ, విరామాలు, వైద్యుడు చెప్పిన వ్యాయామం కొనసాగుతున్నాయి. అయితే తిమ్మిరి తగ్గింది. రాత్రి నిద్ర పడుతోంది. చాయ్ కప్పు మళ్ళీ కుడి చేతికి వచ్చింది.

ఆమెను అదే రోజు క్షమించమని అడిగాను. "పోనివ్వండి అబ్బా" అంది. కాని నలుగురి ముందు అన్న మాటకు నాలుగు గోడల మధ్య చెప్పే క్షమాపణ చాలదు. ఆ అతిథులే మొన్న మళ్ళీ మా ఇంటికి వచ్చారు. చాయ్ తెచ్చిన అమ్మాయిని కూర్చోమని, ఆ రోజు నేనన్న మాట తప్పని, ఆమె అడిగింది పనిముట్టే గాని ఆట సామాను కాదని వారి ముందే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. వారిలో ఒక పెద్దాయన మాత్రం కొంతసేపు మౌనంగా ఉండి, "మా పిల్లవాడు కూడా పోయిన నెల ఏదో అడిగాడు. ఎందుకని నేనూ అడగలేదు" అన్నారు.

ఈ నెల మీ ఇంట్లో ఎవరైనా ఏదైనా అడిగితే, అవునో కాదో చెప్పే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి.