బాగుచేసిన బండి ఎంతవరకు పాతది?



యంత్రములంటే ప్రాణమిచ్చే యువకులు మన కుటుంబములలో చాలమంది ఉన్నారు. వారిలో కొందరికి పాత మోటారు బండి కనబడితే చాలు, చేతులు ఊరకుండవు. ఈ ఇష్టము జర్మనీ దేశములో ఒక పెద్ద వృత్తిగా ఎదిగినది. ఎప్పుడో తయారై, మూలనపడి, తుప్పుపట్టిన కార్లను వెదకి తెచ్చి, ఏళ్ల తరబడి ఓపికతో బాగుచేసి, మొదటి రూపమునకు తీసికొనివచ్చే పనివారు అక్కడ ఉన్నారు. ఈ నెల వారి పనిని గురించి వ్రాయుచున్నాము. ఎందుకనగా అందులో పానా పట్టినవానికే గాక, పాత వస్తువున్న ప్రతి ఇంటికి సంబంధించిన ప్రశ్న ఒకటి ఉన్నది. బాగుచేసిన తరువాత ఆ వస్తువు ఎంతవరకు పాతది? ఎంతవరకు క్రొత్తది? ఆ సంగతి చెప్పవలసినది ఎవరు?

ఒక కారు కథతో మొదలుపెట్టుదము. 1968 మార్చి నెలలో జెనీవా ప్రదర్శనలో మెర్సిడెస్ బెంజ్ సంస్థ ‘300 ఎస్.ఇ.ఎల్. 6.3’ అను కారును చూపించినది. పైకి చూస్తే అది పెద్దమనుషులు వెనుక సీటులో కూర్చుండి వెళ్లే నాలుగు తలుపుల నిమ్మళమైన బండి. కాని దాని ముందు మూత క్రింద అంతకంటె చాల పెద్ద కారైన ‘600’ యొక్క ఇంజను పెట్టియున్నారు. ఎనిమిది సిలిండర్లు, 6,332 సి.సి., 250 హార్స్ పవర్. గంటకు 220 కిలోమీటర్ల వేగము. ఎరిక్ వాక్సెన్‌బెర్గర్ అను ఇంజనీరు పట్టుదలవలన పుట్టిన బండి ఇది. 1972 వరకు 6,526 బండ్లు తయారైనవి.

అదే సంస్థలో పనిచేసి బయటకు వచ్చిన ఇద్దరు ఇంజనీర్లకు ఆ వేగము చాలలేదు. వారు హాన్స్ వెర్నర్ ఆఫ్రెక్ట్, ఎర్హార్డ్ మెల్హెర్. 1967లో బుర్గ్‌స్టాల్ అను ఊరిలో ఒక పాత మిల్లులో పందెపు ఇంజనుల కొరకు చిన్న కార్ఖానా పెట్టుకున్నారు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరములు, ఆఫ్రెక్ట్ పుట్టిన గ్రోసాస్పాక్ అను గ్రామము యొక్క మొదటి అక్షరము కలిపి దానికి ‘ఏ.ఎమ్.జి.’ అని పేరుపెట్టారు. ఇప్పుడు ఆ పేరు లోకమంతట తెలియును గాని, అప్పటికి అది ఇద్దరు మనుషులు, ఒక మిల్లు గది మాత్రమే.

వారు ఆ ఇంజనును ఏమి చేశారో రైతులకు సులభముగా అర్థమగును. నీళ్లు తోడే ఆయిల్ ఇంజను అరిగిపోయినప్పుడు మనము దానిని లేతు వర్క్‌షాపుకు తీసికొనిపోయి సిలిండరును బోరింగ్ చేయించి, పెద్ద సైజు పిస్టను, రింగులు వేయించుదుము. మనము అరుగుదల పోవుటకు అట్లు చేయుదుము. వారు బలము పెరుగుటకు చేశారు. 103 మిల్లీమీటర్ల సిలిండరును 107 మిల్లీమీటర్లకు పెంచారు. పిస్టను నడక 95 మిల్లీమీటర్లు ఉన్నది ఉన్నట్లే ఉంచారు. ఎనిమిది సిలిండర్లకు లెక్క కట్టితే 6,332 సి.సి. ఇంజను సుమారు 6,835 సి.సి. ఇంజనైనది. ఇంజనులోని ఇతర భాగములను కూడ మార్చగా 250 హార్స్ పవర్ కాస్త 428 అయినది. వెడల్పు టైర్లు పట్టునట్లు చక్రముల మీది రేకులను వెడల్పు చేశారు. అట్లు చేసినను బండి బరువు పదహారు వందల కిలోలకు పైమాటే.

1971 జూలైలో బెల్జియం దేశములోని స్పా పట్టణము దగ్గర జరిగిన ఇరువది నాలుగు గంటల పందెములో ఈ ఎర్ర బండి బరిలో దిగినది. హాన్స్ హేయర్, క్లెమెన్స్ షికెన్‌టాంట్స్ వంతులవారీగా నడిపారు. చుట్టూ తేలికైన చిన్న కార్లు, వాటి మధ్య ఈ పెద్ద కారు. చూచినవారు మొదట నవ్వుకున్నారు. పందెము ముగిసేసరికి అది మొత్తము మీద రెండవ స్థానములోను, తన తరగతిలో మొదటి స్థానములోను నిలిచినది. జనులు దానికి ‘ఎర్ర పంది’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ చిన్న కార్ఖానా పేరు ఒక్క రాత్రిలో దేశమంతట వినబడినది.

ఇంత పేరు తెచ్చిన బండిని ఎక్కడో భద్రముగా దాచియుందురని మనము అనుకొందుము. దాచలేదు. పందెముల కాలము ముగిసిన తరువాత దానిని ఫ్రాన్సు దేశపు మాత్రా సంస్థకు అమ్మివేశారు. తక్కువ దూరములోనే మంచి వేగమును అందుకొను బండి గనుక విమానముల చక్రములకు సంబంధించిన పరీక్షలకు వారు దానిని వాడుకున్నారు. ఆ పని కొరకు దాని శరీరమును కోసి, పొడవు పెంచారు. పని తీరిన తరువాత ఆ బండి జాడ తెలియకుండ పోయినది. ఆనాడు అది ఎవరికిని చరిత్ర కాదు, వయసు మళ్లిన ఒక పాత కారు మాత్రమే. మన ఇండ్లలో తాతగారి నాటి మందసమును పొయ్యిలోకి కొట్టినవారు కూడ దుర్మార్గులు కారు గదా! విలువ తెలియుటకు కొంత కాలము పట్టును. అంతలో వస్తువు పోవును.

తరువాత 2006లో ఏ.ఎమ్.జి. సంస్థయే అటువంటి ఎర్ర బండిని మరల తయారుచేయించినది. అదే రకపు పాత 6.3 కారును తీసికొని, పాత ఫోటోలను చూచుకొనుచు ఆనాటి రూపమునకు తెచ్చారు. చూడ ముచ్చటైన పని. అయితే దానిని వారు ‘ఇది స్పాలో పరుగెత్తిన బండి’ అని చెప్పలేదు. ఇది ప్రతిరూపము, అసలు బండి లేదు అని చెప్పినారు. ఆ ఒక్క మాటలోనే ఈ వృత్తి యొక్క మర్యాద అంతయు ఉన్నది.

ఆ మాట చెప్పనివారును ఉన్నారు. మార్పులు చేసిన పాత జర్మను కార్లు, అందులోను ఇట్టి చిన్న కార్ఖానాలలో తయారైనవి, కొద్దిగానే మిగిలియున్నవి. గనుక వాటి ధర మామూలు కారు ధరకు ఎన్నో రెట్లు పలుకును. ఇక ఆశ పుట్టుటకు ఎంతసేపు? మామూలు 6.3 కారుకు రేకులు వెడల్పు చేసి, ఎర్ర రంగు కొట్టి, వెనుక మూడు అక్షరములు అంటించి, ‘ఇది ఆ కాలపు అసలు బండి’ అని చెప్పుట కష్టము కాదు. కొన్నవాడు తన కష్టార్జితమును పోగొట్టుకొనును. అందుచేత నిజమైన పనివాడు పానా పట్టుకొనకముందు కాగితములు పట్టుకొనును.

వారు ఏమేమి చూతురో కొంచెము చెప్పుదుము. మొదట సంఖ్యలు. ఆ మెర్సిడెస్ రకములో శరీరము మీది సంఖ్య 109.018 అను అంకెలతోను, ఇంజను మీది సంఖ్య 100.981 అను అంకెలతోను మొదలు కావలెను. అట్లు లేనియెడల అది వేరొక బండికి 6.3 వేషము వేసినదని తెలియును. రెండవది, కార్ఖానాలో ఒక్కొక్క బండికి వ్రాసిపెట్టిన చీటీ. ఏ రంగు, ఏ తోలు, ఏ యే సామగ్రితో బండి బయటకు వచ్చినదో అందులో ఉండును. మన పొలమునకు లింకు దస్తావేజులు ఎట్లో కారుకు అది అట్లు.

అయితే మార్పులు చేసిన బండి విషయములో ఆ చీటీ సగము కథే చెప్పును. బండి కార్ఖానా గేటు దాటిన తరువాత జరిగిన పని అందులో ఉండదు. అప్పుడు మూడవ సాక్ష్యము వెదకవలెను. జర్మనీలో బండికి చేసిన పెద్ద మార్పును తనిఖీ చేయించి బండి కాగితములలో ఎక్కించవలెనను నియమమున్నది. గనుక పాత కాగితములు దొరికితే ఏ సంవత్సరములో ఏమి మార్చారో తేదీతో సహా తెలియును. వాటితోపాటు ఆనాటి బిల్లులు, పందెముల ఫోటోలు, పాత పత్రికలు, అన్నిటికంటె ముఖ్యముగా ఆ కార్ఖానాలో పనిచేసిన ముసలి మెకానిక్కుల జ్ఞాపకములు. ఆ తరమువారు ఇప్పుడు డెబ్బది, ఎనుబది ఏండ్లు దాటినవారు. వారిని అడుగవలసినది ఇప్పుడే.

నాలుగవది ఇనుమే ఇచ్చు సాక్ష్యము. రంగు పొరలను ఒక్కొక్కటిగా గీకి చూచిన క్రింద మొదటి రంగు బయటపడును. వెల్డింగు చేసిన తీరు చూచి అది ఏ కాలపు పనియో అనుభవము గలవాడు చెప్పగలడు. ఇంజను విప్పి సిలిండరు కొలిచితే 103 ఉన్నదో, 107 ఉన్నదో కొలత తానే చెప్పును. కోసిన ఇనుము మరల అతుకుకొనదు గదా! అందుకే తెలివిగల పనివాడు విప్పకముందే ప్రతి భాగమును ఫోటో తీసి, ప్రతి బోల్టుకు చీటీ కట్టి ఉంచును. తొందరపడి గీకివేసిన రంగుతోపాటు ఒక సాక్ష్యము కూడ చెత్తబుట్టలోనికి పోవును.

ఇప్పుడు రెండవ బండి సంగతి వినుడి. మొదటి కథలో బండి పోయినది. ఇందులో బండి దొరికినది.

బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ 1956 నుండి 1959 వరకు ‘507’ అను రెండు సీట్ల కారును సుమారు 250 మాత్రమే తయారుచేసినది. వాటిలో 70079 సంఖ్య గల తెల్లని బండిని మొదట హాన్స్ ష్టుక్ అను పందెపు డ్రైవరు కొండదారి పందెములలో నడిపాడు. 1958లో అమెరికా గాయకుడైన ఎల్విస్ ప్రెస్లీ జర్మనీలో సైనికుడుగా ఉన్నప్పుడు ఆ బండిని తీసికొన్నాడు. అభిమానులైన ఆడపిల్లలు పెదవుల రంగుతో దాని మీద వ్రాతలు వ్రాయుచున్నందున విసిగి, దానికి ఎర్ర రంగు వేయించాడు. 1960లో బండి అమెరికా చేరినది. అక్కడ మరియొకరు దానిని కొని, అసలు ఇంజను తీసివేసి షెవర్లే ఇంజను పెట్టించారు. అది పట్టుటకు ముందు భాగమును కోశారు. 1968లో ఒక ఇంజనీరు కొని, కొన్నాళ్లు వాడి, చివరకు కాలిఫోర్నియాలో గుమ్మడికాయలు దాచు గోదాములో ఉంచాడు. ఆ బండి ఎవరిదో చాలకాలము లోకమునకు తెలియలేదు. పాత వివరములను వెదకుచున్న ఒక పత్రికా రచయిత్రి, ఆ యజమాని కలిసి సంఖ్యను సరిచూచుకొనగా సంగతి తేలినది.

2014లో బండి మ్యూనిక్ చేరినది. అక్కడివారు వెంటనే పానాలు తీయలేదు. తుప్పుతో, ఇంజను లేకుండ, ఉన్నది ఉన్నట్లుగా దానిని మ్యూజియములో ప్రజలకు చూపించారు. ఆ తరువాతనే సుమారు రెండు సంవత్సరములు పని చేశారు. యజమాని పోగుచేసియుంచిన విడిభాగములు చాల ఉపయోగపడినవి. పనికివచ్చు పాత భాగమును పారవేయలేదు. మొదటి ఇంజను లేదు గనుక విడిభాగములను కూర్చి అదే రకపు ఇంజనును క్రొత్తగా కట్టారు. కిటికీ అద్దము త్రిప్పు పిడులు, తలుపు పిడులు ఎక్కడను దొరకనందున కొలతలు తీసి, నేటి త్రీ-డి ముద్రణ యంత్రముతో చేయించారు. సీట్ల తోలును పాత ఫోటోలు చూచి కుట్టించారు. రంగు విషయములో ఎల్విస్ వేయించిన ఎరుపా, పుట్టినప్పటి తెలుపా అను ప్రశ్న వచ్చినది. తెలుపునే ఎంచుకున్నారు. 2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో ఆ బండిని మరల జనుల ముందు నిలిపారు. ఇంజను మొదటిది కాదను సంగతిని వారే ముందుగా చెప్పినారు. అందువలన బండి విలువ తగ్గలేదు, నమ్మకము పెరిగినది.

పాత వాహనములను కాపాడు అంతర్జాతీయ సమాఖ్య 2012లో ‘ట్యూరిన్ పత్రము’ అను నియమావళిని ఆమోదించినది. దాని సారాంశమును మన మాటలలో చెప్పుచున్నాము. మార్చుటకంటె కాపాడుట మేలు. తప్పనిసరియైతేనే క్రొత్త భాగము వేయవలెను. వేసిన క్రొత్త భాగము మీద చెరగని గుర్తు పెట్టవలెను. చేసిన ప్రతి పనిని వ్రాసియుంచవలెను. బండిని అనుభవించుచున్న యజమాని తన తరువాతి వానికి దానిని నిజముతో సహా అప్పగించవలసినవాడు.

ప్రియులారా, మన ఇండ్లలో మెర్సిడెస్ లేకపోవచ్చును. కాని తాతగారు కొన్న ట్రాక్టరు, తండ్రిగారు నడిపిన బుల్లెట్టు, అమ్మమ్మ కుట్టుమిషను, టేకు దూలముల ఇల్లు చాలమందికి ఉన్నవి. వాటిని బాగుచేయుటకు ముందు నాలుగు పనులు చేయుడని మా మనవి. మొదట, విప్పకముందు ఫోటో తీయుడి. చేతిలో ఫోను ఉన్నది గదా. రెండవది, పాత బిల్లులు, ఆర్.సి. పుస్తకము, రసీదులు చెదలు పట్టకముందే ఒక సంచిలో పెట్టుడి. మూడవది, ఆ వస్తువు సంగతి ఎరిగిన పెద్దలను ఈ వారమే అడిగి వ్రాసికొనుడి. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, మొదట ఏమి చెడిపోయినది, ఎవరు బాగుచేశారు అని అడుగుడి. నాలుగవది, క్రొత్తగా వేయించిన భాగము మీద మెకానిక్కు చేత సంవత్సరము చెక్కించుడి. అది రెండు నిమిషముల పని.

రేపు మీ మనుమడు ఆ మూత ఎత్తి చూచినప్పుడు ఏది తాతనాటిది, ఏది తన తండ్రి వేయించినది అని ఎవరిని అడుగకయే తెలిసికొనును.