చెడగొట్టే హక్కు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్ మెట్ల కింద రెండు ఇనుప గొట్టాలు, వంకరగా వెల్డింగ్ చేసిన పిడి ఒకటి పడి వున్నాయి. ఆ తుక్కు తీసెయ్యమని వార్డెన్ రోజూ అంటోందట. అది మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయిది. నేను వెళ్లింది హాస్టళ్ల పరిస్థితి తెలుసుకుందామని. ఆమె చెప్పింది విన్నాక ఆ పిడి గురించే రాయాలనిపించింది.

ఆమె బ్యాచ్‌లో ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ఏదైనా వస్తువును డిజైన్ చేసి నమూనా తయారుచేయాలి. ఈమె ఎంచుకున్నది మెట్రో స్టేషన్ కింద పండ్లమ్మే స్త్రీల తోపుడు బండి. బండి పిడి మగవాళ్ల ఎత్తుకు వుంటుంది. పొట్టి మనిషి తోస్తే భుజాలు పైకి లేస్తాయి. రోడ్డు కాస్త ఎత్తుగా వున్నచోట బండి వెనక్కి జారుతుంది. టేపు పట్టుకెళ్లి ఏడుగురు స్త్రీల మోచేతి ఎత్తు కొలిచింది. ఎత్తు మార్చుకోగలిగే పిడి, ఒక బ్రేకు చేద్దామంది. బ్యాచ్ ఒప్పుకుంది. తర్వాత పని పంచుకున్నారు. కోత, వెల్డింగ్, డ్రిల్లింగ్ అబ్బాయిలకు. రికార్డు రాయడం, బొమ్మలు అంటించడం అమ్మాయిలకు, "నీ చేతిరాత బాగుంటుంది కదా" అని. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఇంట్లో పని పంచినట్టే అలవాటుగా జరిగిపోయింది.

పట్టుబట్టి డ్రిల్లింగ్ మిషన్ దగ్గర నిలబడితే మొదటిరోజే రంధ్రం పక్కకు పోయింది. "మెటీరియల్ వేస్టు చెయ్యకమ్మా, వాళ్లకివ్వు" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. అదే వారం అబ్బాయిలు రెండు డ్రిల్ బిట్లు విరగ్గొట్టారు. "పోనీలే, నేర్చుకుంటారు" అన్నదీ ఆయనే.

నమూనా పనిలో మొదటిది చెడిపోతుంది. ఎందుకు చెడిందో చూసి రెండోది చేస్తారు, అదీ చెడితే మూడోది. చెడగొట్టడానికి అనుమతి లేని మనిషి ఈ విద్య నేర్చుకోలేదు. మనం ఆడపిల్లలకు నేర్పేదంతా దీనికి విరుద్ధం. పాలు పొంగనివ్వకు, బట్ట పాడుచెయ్యకు, పేరు చెడగొట్టుకోకు.

1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, నడుస్తున్న యంత్రభాగాలను శుభ్రం చేయడం, నూనె పెట్టడం, సరిచేయడం స్త్రీలకూ చిన్నవయసు వాళ్లకూ కలిపి నిషేధించింది, రక్షణ పేరుతో. దాని స్థానంలో తేవడానికి 2020లో పార్లమెంటు కొత్త కోడ్ ఆమోదించింది. ఇన్‌స్ట్రక్టర్ నోట్లో మాత్రం పాత సెక్షనే నడుస్తోంది.

ఇక సమయం సంగతి. కాలేజీ ఎల్.బి. నగర్ దాటి చాలా దూరం. బస్సు నాలుగున్నరకు బయల్దేరుతుంది, వర్క్‌షాప్ ఖాళీ అయ్యేది ఆ తర్వాతే. హాస్టల్ గేటు ఎనిమిదిన్నరకు మూస్తారు. అబ్బాయిలు ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు ముందు రాత్రి పదింటిదాకా కూర్చుని పని చేయించుకున్నారు. ఈమె ఆదివారం పొద్దున స్నేహితురాలిని తోడు తీసుకుని వెళితే, "మీ అన్ననో నాన్ననో పంపమ్మా" అన్నాడట షాపాయన. గంట నిలబడ్డాక చేసిపెట్టాడు. పిడి వంకర వచ్చింది.

రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రభుత్వం టీ-వర్క్స్ తెరిచింది. నమూనాలు చేసుకోవడానికి 78,000 చదరపు అడుగుల చోటు. మంచిదే. కానీ ఎల్.బి. నగర్ నుంచి మెట్రోలో అమీర్‌పేట దాకా పోయి, అక్కడ మారి, ఊరికి ఆ చివరన దిగాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు, మెట్రోలో వుంది. డబ్బు మిగుల్చుకుంటే గంట పోతుంది, గంట మిగుల్చుకుంటే డబ్బు పోతుంది.

ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా చింతకింది మల్లేశం గారిని చూపిస్తారు. ఆలేరు దగ్గర శారాజిపేటలో తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. ఆమె భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, 1999కి ఆసు యంత్రం పూర్తిచేశారు. ఆరో తరగతితో చదువు ఆగిన మనిషి. 2017లో పద్మశ్రీ వచ్చింది. గౌరవంతోనే అడుగుతున్నాను, ఆ ఏడేళ్లు ఒక కూతురికి దొరికేవా? అప్పులు చేసి, నలుగురూ నవ్వుతుంటే, విప్పిందే విప్పి బిగించిందే బిగిస్తూ కూర్చోనిచ్చేవారా? ఆసు చేతికి ఏం కావాలో ఆసు పోసే స్త్రీలందరికీ తెలుసు. స్క్రూడ్రైవర్ పట్టుకునే తీరిక వాళ్లకు దొరకలేదు.

ఇంజనీరింగ్ ప్రవేశాల్లో మూడోవంతు సీట్లు స్త్రీలకు వున్నాయి. సీట్ల లెక్క మనకు నోటికి వచ్చు. మిషన్ దగ్గర గడిపిన గంటల లెక్క ఎవరు రాస్తున్నారు? హాస్టల్ గేటు వేళల్ని మనం భద్రత కిందే చర్చిస్తాం. నేనూ ఇన్నాళ్లు అలాగే రాశాను. వర్క్‌షాప్ రిజిస్టర్‌లో ఎవరు ఏ మిషన్ మీద ఎంతసేపు పనిచేశారో రాయమని, అమ్మాయిల కోసం ఏడింటికి ఇంకో బస్సు వెయ్యమని కాలేజీలను మన సంఘాలు అడగొచ్చు. ఇన్ని కోచింగ్ సెంటర్లున్న దిల్‌సుఖ్‌నగర్‌లో, స్త్రీల కోసం రెండు మిషన్లున్న గది ఒకటి, ఆదివారాలు తెరిచేది, పెద్ద కోరికేమీ కాదు.

ఆ అమ్మాయి వంకర పిడినే బండికి బిగించి చూపించిందట. పండ్లమ్మే ఆమె నాలుగడుగులు తోసి, "ఎత్తు మంచిగనే వుంది బిడ్డా. గని చెయ్యికి ఒరుసుకపోతుంది. గీడ రబ్బరు ఎయ్యి" అంది. మార్కులేసినవాళ్లెవరూ అంత వివరంగా చెప్పలేదు. రబ్బరు గొట్టం కోసం శనివారం కోఠి వెళుతోంది.