మీ ప్రాజెక్టుకు వంశవృక్షం ఉందా?

రెజ్యూమెలో గిట్‌హబ్ లింకు పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. తీరా లింకు తెరిస్తే చాలా ప్రాజెక్టుల్లో కనిపించేది ఒకే ఒక్క కమిట్. దాని పక్కన ‘ఫైనల్ ప్రాజెక్ట్’ అన్న మాట. నాలుగు నెలల పని అంటారు, చరిత్ర చూస్తే ఒక్క రోజుది! కోడ్ మీరే రాసి ఉండొచ్చు. కానీ డబ్బులిచ్చి కొనుక్కున్న రెడీమేడ్ ప్రాజెక్టు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. చూసేవాళ్లు ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తే నష్టపోయేది కష్టపడినవాళ్లే.

అందుకే గిట్ నేర్చుకునే ఫ్రెషర్లు కమాండ్లు బట్టీ పట్టడం కంటే ముందు, కమిట్ల చరిత్రను బొమ్మగా గీయడం, చదవడం నేర్చుకోవాలంటాను.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. లినక్స్ కెర్నల్ పని కోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను తయారుచేశారు. అందులో ప్రతి కమిట్ తనకు ముందున్నది ఏదో రాసిపెట్టుకుంటుంది. దాన్నే పేరెంట్ అంటారు. మొట్టమొదటి కమిట్‌కు పేరెంట్ ఉండదు. రెండు బ్రాంచిలను కలిపిన మెర్జ్ కమిట్‌కు రెండు ఉంటాయి. పిల్లకు తల్లి తెలుసు, తల్లికి పిల్ల తెలియదు. కాబట్టి బాణం గుర్తు కొత్తదాని నుంచి పాతదాని వైపు వేయాలి. బ్రాంచి అంటే కోడ్‌కు ఇంకో కాపీ అనుకుంటారు చాలామంది. కాదు, అది ఒక కమిట్‌ను చూపించే పేరు, అంతే.

ఇప్పుడు కాగితం తీసుకోండి. ఎ, బి, సి అని వరుసగా మూడు సున్నాలు గీయండి. అది మెయిన్ బ్రాంచి. బి నుంచి పక్కకు చీల్చి డి గీయండి. అది మీ స్నేహితుడి లాగిన్ పేజీ అనుకుందాం. సి, డి రెండింటినీ కలుపుతూ ఇ గీస్తే మెర్జ్ అయిపోయింది.

మరి మెర్జ్ బదులు డిని సి మీదకు రీబేస్ చేస్తే? పాత డి అక్కడి నుంచి కదలదు. అవే మార్పులతో సి తర్వాత కొత్త కమిట్ పుడుతుంది, దాని ఐడీ వేరు. నలుగురూ వాడుతున్న బ్రాంచిని రీబేస్ చేయొద్దని ఎందుకంటారో ఈ బొమ్మ గీసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కంప్యూటర్‌లో చూడాలంటే ‘గిట్ లాగ్’ కమాండ్‌కు గ్రాఫ్, వన్‌లైన్, ఆల్ అనే మూడు ఆప్షన్లు జతచేయండి. చుక్కల గుర్తులతో, గీతలతో ఇదే బొమ్మ టెర్మినల్‌లో వచ్చేస్తుంది.

‘తేదీలు మార్చొచ్చు, కమిట్లు నకిలీవి పెట్టొచ్చు కదా’ అంటారా? నిజమే, పెట్టొచ్చు. గ్రాఫ్ ఒక్కటే సాక్ష్యం కాదు. కానీ ‘ఈ బ్రాంచి ఎందుకు చీల్చారు? ఈ మెర్జ్‌లో కాన్‌ఫ్లిక్ట్ ఎలా తీర్చారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, పనిచేసినవాళ్ల దగ్గరే జవాబుంటుంది. అయిపోయిన కోడ్‌ను ఇప్పుడు ముక్కలు చేసి పాతిక కమిట్లుగా ఎక్కించినవాళ్లు అక్కడే దొరికిపోతారు.

టీమ్ ప్రాజెక్టు సంగతీ ఇంతే. నలుగురి పనీ ఒకరి ల్యాప్‌టాప్ నుంచే ఎక్కిస్తే, మిగతా ముగ్గురి పేర్లు చరిత్రలో ఉండవు. ఎవరి పని వాళ్ల అకౌంట్ నుంచే కమిట్ కావాలి. ఇది మొహమాటపడే విషయం కాదు, మీ ఉద్యోగానికి సంబంధించిన విషయం.

పాత ప్రాజెక్టును అలాగే వదిలేయండి. తర్వాతిది ఎంత చిన్నదైనా మొదటి రోజు నుంచే గిట్‌లో పెట్టండి. పని ఒక కొలిక్కి వచ్చినప్పుడల్లా కమిట్ చేయండి, ఏం మార్చారో ఒక్క వాక్యంలో రాయండి. వారానికోసారి గ్రాఫ్ తెరిచి, ప్రతి చీలికా ఎందుకొచ్చిందో చెప్పగలరేమో చూసుకోండి. ఇంటర్వ్యూకు అంతకంటే మంచి ప్రిపరేషన్ ఏముంటుంది?