యాక్సిలేటర్ తొక్కితే తెరుచుకునేది గాలి దారి

అన్నలారా, మన ఊళ్లలో పాత పెట్రోలు కార్లు కొనేవాళ్లు ఎక్కువయ్యారు. బండి ఆపగానే ఇంజను వణుకుతోంది అంటే చాలు, థ్రాటిల్ బాడీ పోయింది మార్చాలంటున్నారు కొందరు మెకానిక్‌లు. తొందరపడకండి.

మన డీజిల్ ట్రాక్టర్‌లో యాక్సిలేటర్ పెంచితే పంపు డీజిల్ ఎక్కువ పంపుతుంది. పెట్రోలు కారుకి అలా కాదు. ఎయిర్ ఫిల్టర్ దాటాక ఒక గొట్టం, అందులో అడ్డంగా తిరిగే గుండ్రటి రేకు. కాలవ తూముకి షట్టర్ లాగన్నమాట. ఎంత గాలి పోయిందో సెన్సర్లు చెబితే, దానికి తగ్గ పెట్రోలు కంప్యూటర్ వదులుతుంది.

కాలు తీసేస్తే రేకు దాదాపు మూసుకుంటుంది, వెంట్రుకవాసి సందే మిగులుతుంది. ఇంజను లోపలి ఆయిలు ఆవిరి అక్కడే మసిగా పేరుకుంటుంది. సందు పూడితే గాలి చాలదు, వణుకు మొదలు. తూములో నాచు పడితే తూమే పీకేస్తామా?

ముందు క్లీనర్ కొట్టి మెత్తటి గుడ్డతో తుడిపించండి. గీకనివ్వద్దు. కేబుల్ లేకుండా మోటారుతో తిరిగే రకమైతే, తాళం ఆన్‌లో ఉండగా రేకుని వేలితో నెట్టొద్దు, పళ్లచక్రాలు దెబ్బతింటాయి, వేలూ నలుగుతుంది. తుడిచాక కొన్ని బండ్లకి స్కానర్‌తో మళ్లీ సెట్ చేయాలి. మోటారు, సెన్సరు నిజంగా పోతే మార్చక తప్పదు, కాదనను. స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందో చూపించమనండి, పాత పార్టు మీ చేతికే ఇమ్మనండి.