దశావతారములకు డార్విన్ సాక్ష్యమేల?

మా ఐ.పోలవరం మండలమందలి మురమళ్ళలో శ్రీ వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణము జరుగుచున్నది. దానికి జీవశాస్త్రసమ్మతి అక్కరలేదు. అయినను 2019 జనవరిలో, జలంధరునందలి భారత విజ్ఞాన కాంగ్రెస్‌లో, నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి దశావతారములు డార్విన్ సిద్ధాంతముకంటె మేలైనవని ప్రకటించిరి. ఆ మాట నమ్మిన విద్యార్థి గతి యేమి?

1859లో డార్విన్ ప్రతిపాదించిన పరిణామము తరతరముల వంశానుక్రమము, ప్రకృతివరణము. మత్స్యమునుండి కూర్మము పుట్టెనని మన పురాణములు చెప్పలేదు. పరశురామ, రామ, కృష్ణులు మువ్వురును మానవరూపులే కదా! అవతారము భగవంతుని స్వేచ్ఛావతరణము. ధర్మరక్షణమే దాని ప్రయోజనము.

ముండకోపనిషత్తు పరాపరవిద్యలను వేరుపరచినది. అక్షరతత్త్వము పరావిద్య, జీవశాస్త్రము అపరావిద్య. రెంటిని కలిపినవానికి పాఠమును బోధపడదు, భక్తియు నిలువదు. శాస్త్రము సవరింపబడిననాడు విశ్వాసమును సడలును.

సాధకులారా! మన బిడ్డలు బడిలో డార్విన్‌ను, గుడిలో నారాయణుని నిర్భయముగా గ్రహింతురుగాక!